బీకాం, బీబీఏ వాళ్లకు: ఫైనాన్స్ కోర్సుకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నేను హన్మకొండలో బీకాం ఫైనల్ ఇయర్. ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ పేపర్ భయంతో ఆన్‌లైన్‌లో ఒక కార్పొరేట్ ఫైనాన్స్ కోర్సు కొన్నాను. 18,000 రూపాయలు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయట్లేదు. వాళ్లు ఎలా పడేస్తారో తెలిస్తే మీరైనా తప్పించుకుంటారు.

డెమో క్లాస్ చెప్పిన సార్ నిజంగా బాగా చెప్పారు. ఈరోజు చేతికొచ్చే వంద, ఏడాది తర్వాత వచ్చే వంద ఎందుకు ఒకటి కావో చిట్టీ పాటతో చెప్తే ఒక్కసారికే ఎక్కింది. డబ్బు కట్టాక ఆ సార్ మళ్లీ కనపడలేదు. అన్నీ రికార్డెడ్ వీడియోలు, స్లైడ్ చూసి చదివే వేరే గొంతు.

ఏడు రోజుల్లో నచ్చకపోతే రీఫండ్ అన్నారు. ఆ ఏడు రోజులూ తెరుచుకున్నవి మొదటి రెండు చాప్టర్లే. క్యాపిటల్ బడ్జెటింగ్, అంటే ఒక ప్రాజెక్టులో డబ్బు పెట్టొచ్చా లేదా లెక్కేసే చాప్టర్, పదో రోజు తెరుచుకుంది, అసలు సంగతి అప్పుడు బయటపడింది.

లెక్క ఇది. పెట్టుబడి 10 లక్షలు, ఐదేళ్ల ప్రాజెక్టు, తరుగుదల (యంత్రాల్లాంటి వాటి విలువ తగ్గినట్టు పుస్తకాల్లో రాసే ఖర్చు) ఏటా 2 లక్షలు. తరుగుదల, పన్ను తీయకముందు లాభం ఏటా 4 లక్షలు. పన్ను 30 శాతం, డిస్కౌంట్ రేటు, అంటే రేపటి డబ్బును ఈరోజు విలువకు తగ్గించే రేటు, 10 శాతం. తరుగుదల, పన్ను పోగా మిగిలేది 1,40,000. తరుగుదల చేతి నుంచి పోయే డబ్బు కాదు కాబట్టి ఆ 2 లక్షలు తిరిగి కలపాలి, క్యాష్ ఫ్లో 3,40,000 అవుతుంది. దాన్ని 3.791తో (10 శాతం రేటుకు ఐదేళ్ల టేబుల్ అంకె) గుణిస్తే ఈరోజు విలువలో 12,88,940, అందులో పెట్టుబడి 10 లక్షలు తీస్తే ఎన్‌పీవీ (నికర ప్రస్తుత విలువ) 2,88,940 లాభం. వీడియోలో తరుగుదల కలపనే లేదు. 1,40,000నే గుణించి, 4,69,260 నష్టం, ప్రాజెక్టు వద్దు అని తేల్చేశారు. నేను అలాగే నేర్చుకుని ఇంటర్నల్ పరీక్షలో రాసి వచ్చాను. మేడమ్ పేపర్ ముందు పెట్టి చూపిస్తే ఏడుపొచ్చింది.

ఇంకోటి. 'ఈ ఏడాది అప్‌డేట్' అని అమ్మిన కోర్సులో వాటాదారులకు పంచే లాభం (డివిడెండ్) మీద కంపెనీయే డివిడెండ్ డిస్ట్రిబ్యూషన్ టాక్స్ కట్టాలని ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి ఆ టాక్సే లేదు, డివిడెండ్ అందుకున్న వాటాదారే పన్ను కట్టుకోవాలి. మినహాయింపులు వదులుకున్న కంపెనీలకు 2019లో వచ్చిన 22 శాతం ఆదాయపు పన్ను రేటు ఊసే లేదు.

అన్నిటికంటే ముఖ్యం ఈఎంఐ. కౌన్సెలర్ 'వాయిదాలే కదమ్మా' అని ఓటీపీ అడిగితే చెప్పేశాను. అది నా పేరు మీద తీసిన లోన్ అని ఆటో డెబిట్ మెసేజ్ వచ్చాకే తెలిసింది. కోర్సు మానేసినా లోన్ ఆగదు, కట్టకపోతే సిబిల్ స్కోరు పడిపోతుంది. మా నాన్నకు ఈ మాట చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. ఓటీపీ చెప్పే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ వడ్డీ, ఛార్జీలు, షరతులు ఉండే కాగితం) అడిగి చదవండి. డిజిటల్ లోన్‌కి కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆ లోపు అసలు, అప్పటిదాకా అయిన వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. నాకది గడువు దాటాక తెలిసింది.

ఎవరైనా కోర్సు అమ్మజూపితే డెమో చూసి మురిసిపోకండి. క్యాపిటల్ బడ్జెటింగ్ లెక్క ఒకటి పూర్తిగా చేసి చూపించమనండి, తరుగుదల తిరిగి కలిపారో లేదో చూడండి. అసలు కొనే ముందు ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సులైన స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలు, ఇగ్నో ఈ-జ్ఞానకోశ్‌లోని పుస్తకాలు చూడండి, ఉచితం. ఇంగ్లిష్ పర్వాలేదనుకుంటే న్యూయార్క్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అశ్వత్ దామోదరన్ కార్పొరేట్ ఫైనాన్స్ క్లాసులన్నీ ఉచితంగా పెట్టారు. నేను ఇప్పుడు చదువుతున్నది అవే.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. డెమో రికార్డింగ్, కౌన్సెలర్ వాట్సాప్ మెసేజ్‌లు, తప్పు లెక్క స్క్రీన్‌షాట్ ఈరోజే దాచుకోండి. నేను ఫిర్యాదు పెట్టిన మూడో రోజుకే నా లాగిన్ ఆపేశారు.