కైరోలో 800 పౌండ్ల తాయెత్తు

పిరమిడ్ల దగ్గర గడిపిన రెండు రోజులు ఎండ తప్ప ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయాయి కనుక వాటి గురించి రాయను. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పి కైరోలో ఒక దుకాణదారు నాకు అంటగట్టిన తాయెత్తు కాగితం గురించే రాస్తాను.

ఖాన్ అల్ ఖలీలీ బజారు సందుల్లో ఆ కొట్టు గడప దగ్గరే మా అక్క "వద్దురా, వాడి మర్యాద చూస్తేనే అనుమానంగా ఉంది" అని హెచ్చరించింది. లెక్కల టీచరుగా పదవీ విరమణ చేసిన మనిషి, ఆ రోజు పొద్దుటి నుంచే చిరాకుగా ఉంది; రాత్రికి 1,400 ఈజిప్టు పౌండ్లు పుచ్చుకున్న మా హోటల్లో వేడినీళ్లు రాలేదు, లిఫ్టు మూడో అంతస్తు దాటలేదు, అడిగితే గుమాస్తా తలెత్తి చూడలేదు. ఆ చిరాకులోంచే అంటోందనుకుని నేను వినిపించుకోలేదు. దుకాణదారు 2,500 పౌండ్ల దగ్గర మొదలుపెట్టి, రెండు గ్లాసుల పుదీనా టీ తాగించి, చివరికి 800కు దిగాడు.

కాగితం జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు ఉంది. పైన సులేమాన్ ముద్ర అనే ఆరు కోణాల నక్షత్రం, మధ్యలో అంకెలు వేసిన తొమ్మిది గళ్ల యంత్రం, కింద ఖురాన్‌లోని ఇఖ్లాస్ సూరా అనే అధ్యాయం.

ఇలాంటివి నిజంగానే ఉండేవి కనుకనే మోసపోయాను. యూరప్‌లో అచ్చుయంత్రం తెచ్చిన గుటెన్‌బర్గ్ కంటే నాలుగైదు వందల ఏళ్ల ముందే ఈజిప్టులో అచ్చులతో తాయెత్తులు ముద్రించేవారు. సన్నని కాగితపు పట్టీల మీద ఖురాన్ వాక్యాలు అద్ది, చుట్టి, మన ఊళ్లలో రేకు చుట్టి గొట్టంలో పెట్టినట్టే లోహపు గొట్టంలో పెట్టి ఒంటి మీద ధరించేవారు. పాత కైరోలోని ఫుస్తాత్ దిబ్బల్లో నేల పొడిగా ఉండడం వల్ల కొన్ని మిగిలాయి. అలాంటి 11వ శతాబ్దపు పట్టీ ఒకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం సేకరణలో ఉంది.

మర్నాడు బాబ్ అల్ ఖల్క్‌లోని ఇస్లామిక్ కళా మ్యూజియానికి వెళ్లాం. 1903 నాటి ఆ భవనం 2014 జనవరిలో బయట జరిగిన బాంబు పేలుడుకు బాగా దెబ్బతిని, 2017లో తిరిగి తెరుచుకుంది. బజారు నుంచి అరగంటలోపు నడక. టాక్సీవాడు 150 అడిగితే ఎక్కకండి. కైరోలో ఒక్క పూటే ఉన్నవారు సైతం బజారు మానుకుని ఇక్కడికే రావాలని నా అభిప్రాయం.

మా కాగితం గుట్టు బయటపడింది మాత్రం మ్యూజియం మెట్ల మీద. ఈజిప్టు నోట్ల మీద చూసి అరబిక్ అంకెలు నేర్చుకున్న అక్క, ఊరికే కూర్చోలేక యంత్రంలోని వరుసలు కూడసాగింది. ఎటు కూడినా 15 రావాల్సిన చోట రెండో వరుస 16, మూడో వరుస 14 వచ్చాయి. అరబిక్‌లో ఏడు లోయలా, ఎనిమిది గుడిసె కప్పులా ఉంటాయి; చేసినవాడు ఒకదాని స్థానంలో ఇంకొకటి వేశాడు. ఫోను కెమెరాలో పెద్దది చేసి చూస్తే, సిరా గీతలనుకున్నవన్నీ పెళ్లి శుభలేఖల మీద ఉండే ఆఫ్‌సెట్ చుక్కలే. ముక్కు దగ్గర పెట్టుకుంటే చల్లారిన టీ డికాషన్ వాసన.

10వ శతాబ్దంలో అబూ దులఫ్ అనే కవి, బనూ సాసాన్ అనే మాయగాళ్ల ముఠాల తంత్రాలను వర్ణిస్తూ తాయెత్తుల కోసం అచ్చులు చెక్కేవారిని కూడా చేర్చాడు. అంటే నాకు దక్కింది కాగితం నకిలీ అయినా అసలైన సంప్రదాయమేనని అక్కతో అన్నాను. ఆమె నవ్వలేదు. సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి ఏడునూ ఎనిమిదినీ సరిదిద్ది, పక్కన ఒక టిక్కు పెట్టి, "నీకిస్తే మళ్లీ ఎవడికో చూపించి గొప్పలు పోతావు" అంటూ తన పాస్‌పోర్టులో పెట్టుకుంది.