ఆర్‌ఎఫ్‌ఐడీ గస్తీ రీడరు: కొనొచ్చు, కానీ ట్యాగులు బిగించే పని సెక్యూరిటీ ఏజెన్సీకి వదలొద్దు

రాత్రి గార్డులు రౌండ్స్ కొట్టారా లేదా తేల్చడానికి చాలా అపార్ట్‌మెంట్లలో ఇప్పటికీ వాళ్లు సంతకాలు పెట్టే పాయింటు పుస్తకమే దిక్కు. నాలుగు రౌండ్ల సంతకాలూ తెల్లవారుజామున ఒకే విడతలో పడిపోతాయి. ఆ పుస్తకానికి బదులు వచ్చిందే, రేడియో తరంగాలతో ట్యాగును చదివే ఈ ఆర్‌ఎఫ్‌ఐడీ రీడరు. చిన్న టార్చిలైటంత లోహపు కర్ర, గస్తీ దారిలో అక్కడక్కడా బిగించే పది పన్నెండు ట్యాగులు, యూఎస్‌బీ కేబులు, కంప్యూటర్లో వేసుకునే సాఫ్ట్‌వేరు ఒక సెట్టుగా వస్తాయి. బజారులో రకరకాల పేర్లున్నా లోపల చాలావాటిది ఒకటే పద్ధతి, 125 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ రీడరు. అందుకే ఇక్కడ బ్రాండు కంటే బిగింపు గురించే ఎక్కువ చెప్పాలి.

ట్యాగులో బ్యాటరీ ఉండదు, ఉండేది ఒక నంబరే. కర్రను రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే ఆ నంబరును చదివి, తన గడియారంలోని టైముతో కలిపి దాచుకుంటుంది. బీప్‌తో పాటు వైబ్రేషను కూడా ఉన్నదే తీసుకోండి, జనరేటరు పక్కన బీప్ వినపడదు. తెర ఉన్న మోడలుకి డబ్బు దండగ. కిందపడితే ముందు పగిలేది అదే.

మొదటి వారంలోనే వచ్చే ఫిర్యాదు: "సార్, ట్యాగు పనిచేయట్లేదు." చూస్తే అది ఇనుప గేటు మీదో ప్యానెల్ బోర్డు తలుపు మీదో ఉంటుంది. మామూలు ట్యాగు ఇనుము మీద సరిగా చదవదు. లోహం మీద వాడే ట్యాగులు విడిగా దొరుకుతాయి, లేదంటే పక్క గోడకు మార్చండి. డబుల్ టేపుతో మాత్రం అతికించొద్దు. వానకి ఊడడం చిన్న సమస్య. ట్యాగులన్నీ ఊడదీసి క్యాబిన్ సొరుగులో పెట్టుకుని, కుర్చీలోంచే రౌండు పూర్తి చేయడం అసలు సమస్య. గోడకు డ్రిల్ వేసి, ప్లగ్గు పెట్టి, స్క్రూ బిగించి, స్క్రూ తల మీద గట్టిపడే ఎపాక్సీ జిగురు పూయండి. ఎత్తు ఛాతీ దగ్గరికి వస్తే చాలు.

ఎక్కడ బిగించాలో కూడా ఆలోచించే పనే. ఫైర్ పంపు గదిలో ట్యాగు తలుపు దగ్గర ఉంటే గార్డు తలుపు దాకానే వస్తాడు. ప్రెషర్ గేజి పక్కన ఉంటే కనీసం ముల్లు కంటపడుతుంది. వెనక ప్రహరీ మూల, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు), బేస్‌మెంటు చివరి పార్కింగు, టెర్రస్ తలుపు తాళం పక్క: ఈ నాలుగూ వదలకూడదు.

టైము కాగితం మీద లెక్కేయొద్దు. టార్చి పట్టుకుని నిదానంగా నడిచి చూడండి. నడక 25 నిమిషాలు, పాయింట్లు 12 అయితే పాయింటుకు ఒక నిమిషం కలిపి 37 అవుతుంది, సాఫ్ట్‌వేరులో 45 పెట్టండి. టైము మరీ తక్కువ పెడితే గార్డు దేన్నీ చూడడు, ట్యాగు నుంచి ట్యాగుకు పరిగెడతాడు. రిపోర్టులో తప్పిన పాయింట్లతో పాటు మరీ త్వరగా పడినవీ చూడాలి. బేస్‌మెంటు నుంచి టెర్రస్‌కి 20 సెకన్లలో ఎవరూ వెళ్లలేరు.

డ్యూటీ ఎక్కగానే గార్డు తన పేరు మీదున్న ట్యాగును ముందు తాకించాలి, లేకపోతే కర్ర ఎవరి చేతిలో తిరిగిందో తెలియదు. అప్పటికీ అది చెప్పేది కర్ర వచ్చిందనే. మనిషి కళ్లు తెరిచి చూశాడా అన్నది చెప్పదు.

చౌక మోడళ్లలో బ్యాటరీ పూర్తిగా దిగితే గడియారం వెనక్కి పోతుంది, రిపోర్టంతా తప్పుడు తేదీలతో వస్తుంది. వారానికి ఒకసారైనా కంప్యూటరుకు కలిపితే టైము సరిచేసుకోవచ్చు. ఛార్జింగ్ పిన్నులకు చెమట, మురికి పట్టి కనెక్షను పోతే పెన్సిల్ రబ్బరుతో రుద్దండి.

ఫోన్లో క్యూఆర్ స్కాన్ చేసే యాప్‌లు చవక, కానీ క్యూఆర్‌ను ఫొటో తీసుకుని క్యాబిన్లోనే స్కాన్ చేయొచ్చు. జీపీఎస్‌తో ఆపుదామంటే అది బేస్‌మెంటులో అందదు. 125 కిలోహెర్ట్జ్ ట్యాగుకూ నకలు తీయొచ్చు. అపార్ట్‌మెంటులో అంత శ్రమ ఎవరూ పడరు గానీ, విలువైన సరుకున్న గోడౌనుకు ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య సంకేతాల్లో దాచే పద్ధతి) ఉన్న 13.56 మెగాహెర్ట్జ్ రకమే వేయించాలి.

కేబులు, పాస్‌వర్డు అసోసియేషన్ మేనేజరు దగ్గరే ఉండాలి. ఏజెన్సీ సూపర్‌వైజరే రిపోర్టు తీస్తే తన పేపరు తానే దిద్దుకున్నట్టు. రౌండు మొదలయ్యే టైమును, వెళ్లే దిశను మార్చిస్తూ ఉండండి, రోజూ 1 గంటకే బయల్దేరితే బయటి వాడికీ తెలిసిపోతుంది.

కొంటే రెండు రీడర్లు కొనండి, ఒకటి ఛార్జింగులో ఉంటుంది. ట్యాగులు ఓ నాలుగు అదనంగా తీసుకోండి. రాత్రి ఒక్కడే గార్డున్న చోట మాత్రం వద్దు. అతను టెర్రస్ మీద కర్ర తాకిస్తున్నంతసేపూ గేటు దగ్గర ఎవరూ ఉండరు.