గ్వాంగ్‌జౌలో రెండు వీపీఎన్‌లూ మొరాయించిన వేళ

పోయిన అక్టోబర్‌లో ఎల్‌ఈడీ లైట్ల కోసం మూడోసారి చైనాలోని గ్వాంగ్‌జౌ వెళ్లి వచ్చాను. 1957 నుంచి అక్కడ జరుగుతున్న కాంటన్ ఫెయిర్‌లో ఎలక్ట్రానిక్స్, దీపాల సరుకు మొదటి విడతలో, అంటే 15 నుంచి 19వ తేదీ వరకు పెడతారు. విజయవాడలో మాది చిన్న ఎలక్ట్రికల్ దుకాణం. వెంట మా బావమరిది వచ్చాడు. కంప్యూటర్ వ్యవహారాలన్నీ వాడికే వదిలేస్తాను, వాడి మాట మాత్రం వినను. ఈసారి వినక తప్పలేదు.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే హాంకాంగ్‌లో 14 రోజుల వరకు వీసా లేకుండా ఉండవచ్చు. అందుకే ఎప్పుడూ అక్కడ దిగి, రెండు రాత్రులు ఆగి, రైలెక్కుతాం. బస నేథన్ రోడ్డులోని చుంగ్‌కింగ్ మాన్షన్స్‌లో. 1961లో కట్టిన 17 అంతస్తుల భవనం. లిఫ్టులు చిన్నవి, వాటి ముందు ఎప్పుడూ బారెడు వరుస. కింద మన భోజనం దొరుకుతుంది, కాబట్టి మిగతావన్నీ క్షమించేస్తాను. గది రాత్రికి 350 హాంకాంగ్ డాలర్లు. పెట్టె విప్పాలంటే ఒకరు మంచం ఎక్కి కూర్చోవాలి. దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

వైఫై పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి తలుపు వెనక అతికించారు. ఫోను తెరిస్తే ఆ లాడ్జి పేరుతోనే రెండు నెట్‌వర్కులు కనిపించాయి. ఒకదానికి తాళం గుర్తు ఉంది, రెండోదానికి లేదు. పాస్‌వర్డ్ కొట్టే పని తప్పుతుంది కదా అని నా వేలు రెండోదాని మీదికి పోయింది. “బావా, దాన్ని ముట్టుకోకు. ముందు అడిగి వస్తాను” అన్నాడు మా వాడు. బల్ల దగ్గరి పెద్దాయన తాళం ఉన్నదొక్కటే తమదని చెప్పాడు. రెండోది పక్కవాళ్లు అమాయకంగా పెట్టుకున్నదే కావచ్చు. కాకపోనూ వచ్చు. ఆస్ట్రేలియాలో 2024లో ఒకతన్ని పోలీసులు పట్టుకున్నారు. విమానాశ్రయాల్లోనూ విమానాల్లోనూ అసలు వైఫై పేరుతోనే తన నెట్‌వర్కు నడిపి, చేరినవాళ్లను మెయిల్ వివరాలతో లాగిన్ కమ్మని అడిగేవాడన్నది అభియోగం. ఎవరి తాళమూ పగలగొట్టనక్కర్లేదు, తాళంచెవులు మనమే చేతికిచ్చేస్తాం.

నాకు మొదటి ప్రయాణంలో జరిగింది ఇలాంటిదే. ఒక కాఫీ దుకాణంలో వైఫై పేజీ మెయిల్ పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చేశాను. బ్యాంకు పాస్‌వర్డ్ కాదు కదా అన్న ధీమా. మా వ్యాపారంలో మెయిలే బ్యాంకు. సరుకు పంపేవాళ్ల బిల్లులు, మా చెల్లింపుల తేదీలు అన్నీ అందులోనే ఉంటాయి. మూడు వారాల తర్వాత, మేము బల్బులు కొనే ఫ్యాక్టరీ పేరుతో “మా ఖాతా మారింది, అడ్వాన్సు ఈ కొత్త ఖాతాకు పంపండి” అని ఉత్తరం వచ్చింది. వాళ్ల రాతలో ఎప్పుడూ ఉండే తప్పులు అందులో లేవు. అనుమానం వచ్చి ఫోను చేశాను కాబట్టి బతికిపోయాను. ఆ వైఫై వల్లే జరిగిందని రుజువు చూపలేను. కానీ అప్పటి నుంచి వైఫై పేజీ గది నంబరు కంటే ఎక్కువ అడిగితే ఫోను జేబులో పెట్టేస్తాను.

అయితే పబ్లిక్ వైఫై అంటే నెట్ తెరవగానే దోపిడీ అన్నట్టు భయపెట్టే వీపీఎన్ ప్రకటనలు కూడా పాత కాలంవే. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న పనిముట్టు వచ్చింది. కాఫీ దుకాణంలో పక్క బల్ల మీద కూర్చున్నవారి ఫేస్‌బుక్ ఖాతాలోకి అది ఒక్క నొక్కుతో తీసుకుపోయేది. అప్పట్లో సైట్లు మన సంగతులను పోస్టుకార్డు మీద రాసి పంపేవి, దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. ఇప్పుడు దాదాపు అన్నీ ఇన్‌లాండ్ కవరులో, అంటే హెచ్‌టీటీపీఎస్‌లో వెళ్తున్నాయి. పైన చిరునామా కనిపిస్తుంది, లోపలి విషయం కనిపించదు. వీపీఎన్ అంటే ఆ కవర్లన్నీ ఒక సంచిలో వేసి సీలు చేసి, కొరియర్ వాడికి, అంటే వీపీఎన్ కంపెనీకి ఇవ్వడం. లాడ్జి వాడికి చిరునామాలు కూడా కనిపించవు. కొరియర్ వాడికి మాత్రం అన్నీ తెలుస్తాయి. దొంగ పేజీలో మనమే టైప్ చేసిన పాస్‌వర్డును ఏ సంచీ కాపాడదు.

వెస్ట్ కౌలూన్ స్టేషన్‌లో గొప్ప సౌకర్యం ఒకటుంది. హాంకాంగ్ ముద్ర, చైనా ముద్ర రెండూ ఆ ఒక్క కప్పు కిందే పడతాయి. గంటకు అటూ ఇటూగా గ్వాంగ్‌జౌ దక్షిణ స్టేషన్. ఫెయిర్ రోజుల్లో, అది జరిగే పజౌ వైపు హోటళ్ల ధరలు రెట్టింపు అవుతాయి. మెట్రోలో నాలుగు స్టేషన్లు అవతలికి పోతే అదే డబ్బుకు కిటికీ ఉన్న గది దొరుకుతుంది. మేము అవతలికే పోయాం.

గదిలో వైఫై తగిలించగానే వాట్సాప్ మూగబోయింది. గూగుల్ లేదు, జీమెయిల్ లేదు. ఇది తెలిసిందే, చైనా వీటికి అడ్డుగోడ కట్టింది. కాబట్టి దాన్ని దాటడానికి నేను ఒక ఉచిత వీపీఎన్, మా వాడు డబ్బు కట్టిన వీపీఎన్ ఇంటి దగ్గరే దించుకుని వచ్చాం. అక్కడికి వెళ్లాక దించుకుందామంటే ఆ సైట్లే తెరుచుకోవు. ఆపిల్ కూడా 2017లో తన చైనా స్టోర్ నుంచి వీపీఎన్ యాప్‌లను తీసేసింది. నాది అసలు కలవనే లేదు. గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది. వాడిది ఆ రాత్రి పనిచేసి తెల్లారేసరికి చేతులెత్తేసింది. “సర్వర్ మార్చి చూడరా” అంటే పది దేశాలు మార్చాడు. పదకొండో దేశానికి వాడి ఫోను వేడెక్కింది.

ఆ చిరాకులో వైఫై ఆపేశాను. విజయవాడ సిమ్ రోమింగ్ మీద ఉంది. టింగు టింగుమని రాత్రి నుంచి ఆగిపోయిన వాట్సాప్ సందేశాలన్నీ ఒక్కసారిగా దిగాయి. మా వాడు తల కొట్టుకున్నాడు. రోమింగ్‌లో ఉన్నప్పుడు మన డేటా గ్వాంగ్‌జౌ టవర్ నుంచి నేరుగా చైనా ఇంటర్నెట్‌లోకి పోదు. మూట కట్టి మన కంపెనీ ద్వారం దాకా తెచ్చి అక్కడ విప్పుతారు. అందుకే చైనా అడ్డుగోడ దానికి తగలదు. చైనాకు కూడా పనిచేసే హాంకాంగ్ సిమ్ కొనుక్కున్నా అంతే, కాకపోతే దానికి పాస్‌పోర్టు చూపి నమోదు చేసుకోవాలి. ఇంకో సంగతి: ప్రభుత్వ అనుమతి లేని వీపీఎన్ చైనాలో నిబంధనలకు విరుద్ధం. రోమింగ్‌కు ఆ గొడవ లేదు. ప్యాక్ చవక కాదు, నిజమే. కానీ ఆ ఒక్క ప్యాక్‌తోనే నా ఫోను నుంచి ఇద్దరి ల్యాప్‌టాప్‌లకూ హాట్‌స్పాట్ ఇచ్చుకున్నాం. వీడియోలు చూడలేదు, అంతే.

హోటల్ మంచిదే. టిఫిన్‌లో ఉడికించిన వేరుశనగలు పెట్టారు, మా వాడు నాలుగు సార్లు తెచ్చుకున్నాడు. నేను దానికి మార్కులు తగ్గించేది ఒక్క విషయంలో. కింద అతిథుల కోసం ఒక కంప్యూటర్, ప్రింటర్ పెట్టారు. బూత్ బిల్లు ప్రింటు తీసుకుందామని పెన్‌డ్రైవ్ పెట్టాను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే నాలాంటి వాళ్ల చరిత్ర అంతా అక్కడే ఉంది. ముగ్గురి పాస్‌పోర్టు స్కాన్లు, ఎవరిదో బ్యాంకు స్టేట్‌మెంటు, ఒక పెళ్లి శుభలేఖ. ఏదీ విప్పకుండానే పేర్లు చదివి అర్థమైంది. పెన్‌డ్రైవ్ తీసేసి, రిసెప్షన్ అమ్మాయికి సైగలతో చెప్పాను. నవ్వి తలూపింది. మర్నాడు చూస్తే పాస్‌పోర్టులు నాలుగు అయ్యాయి. హోటల్ వైఫైని అడ్డం పెట్టుకుని పెద్ద కంపెనీల అధికారులకు దొంగ అప్‌డేట్లు ఎక్కించే డార్క్‌హోటల్ ముఠా గురించి సైబర్ భద్రతా కంపెనీ కాస్పర్‌స్కీ 2014లో బయటపెట్టింది. మేము అంత పెద్దవాళ్లం కాదు. మాకు ఆ ఫోల్డరే డార్క్‌హోటల్.

షెన్‌జెన్‌లో ఒక్క రోజే ఉన్నాం. హ్వాచియాంగ్‌బే మార్కెట్లో అంతస్తుల కొద్దీ విడిభాగాలు, కాళ్లు పోయాయి. కాఫీ దుకాణాల వైఫై చైనా మొబైల్ నంబరు అడుగుతుంది, మన దగ్గర ఉండదు కాబట్టి ప్రలోభమే లేదు. డబ్బు సంగతి: కార్డును అలీపే అనే చైనా చెల్లింపుల యాప్‌కి జోడించుకున్నాం. 200 యువాన్లు దాటిన ప్రతి చెల్లింపుకు 3 శాతం వేస్తారు. కార్డులో విదేశీ వాడకాన్ని ఇంటి దగ్గరే ఆన్ చేసుకోవాలి. పరిమితి కూడా అక్కడే పెట్టుకున్నాను. ఓటీపీలు విజయవాడ సిమ్‌కే వచ్చాయి. బ్యాంకు యాప్‌ను వీపీఎన్ మీద తెరవను, అరగంటకో దేశం మారే మనిషిని చూస్తే ఏ బ్యాంకుకైనా అనుమానమే.

తిరిగి హాంకాంగ్ వచ్చాక, లిఫ్టు వరుసలో నిలబడి మా వాడిని అడిగాను, మరి వీపీఎన్ కొనాలా వద్దా అని. వాడి లెక్క వాడికి ఉంది. ఉచితమైతే డబ్బు ఇంకెక్కడి నుంచి వస్తుందో చూడాలంటాడు. హోలా అనే వీపీఎన్ తన ఉచిత వాడకందారుల కనెక్షన్లనే ఇతరులకు అమ్ముకుంటోందని 2015లో తేలింది. ఫేస్‌బుక్ వాళ్ల ఒనావో వీపీఎన్ వాడకందారులపైనే నిఘా పెట్టింది, ఆ వ్యవహారంలో 2023లో ఆస్ట్రేలియా కోర్టు 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఉచితంగానే కావాలంటే ప్రోటాన్ మేలు, దాని ఖర్చును డబ్బు కట్టేవాళ్లు భరిస్తున్నారు. కొనదలిస్తే ముల్వాడ్. నెలకు 5 యూరోలు, పేరు కానీ మెయిల్ కానీ అడగదు. 2023లో స్వీడన్ పోలీసులు దాని ఆఫీసుకు సోదాకు వచ్చి ఉత్త చేతులతో తిరిగిపోయారు. వాగ్దానానికీ పరీక్షకూ ఉన్న తేడా అదే కాబట్టి నేను దానికే ఓటేశాను. భారత సర్వర్ అని రాసి ఉంటే మాత్రం మురిసిపోనక్కర్లేదు. వాడకందారుల వివరాలు అయిదేళ్లు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించాక ఎక్స్‌ప్రెస్, నార్డ్, సర్ఫ్‌షార్క్ వీపీఎన్‌లు ఇక్కడి యంత్రాలు ఎత్తేశాయి. ఎక్స్‌ప్రెస్‌లో ‘ఇండియా’ నొక్కితే పలికేది సింగపూర్‌లోనో బ్రిటన్‌లోనో ఉన్న యంత్రం.

లిఫ్టులో వాడు నా ఫోను తీసుకుని, గుర్తుపెట్టుకున్న నెట్‌వర్కుల జాబితా తెరిచాడు. పదిహేడు ఉన్నాయి. గ్వాంగ్‌జౌ హోటల్, రెండు విమానాశ్రయాలు, మొదటి ప్రయాణంలోని ఆ కాఫీ దుకాణం కూడా. వాటిలో తాళం లేనివాటి పేరుతో ఎవరు ఎక్కడ వైఫై పెట్టినా నా ఫోను నన్ను అడగకుండానే వెళ్లి చేరుతుందట. ఒక్కొక్కటీ మరిచిపొమ్మని నొక్కుతూ పద్నాలుగో అంతస్తు దాకా వచ్చాం. చివరికి రెండే మిగిల్చాడు, మా ఇల్లు, మా దుకాణం.