టాస్క్‌బార్ మార్చే సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? ‘లైఫ్‌టైమ్’ అన్న మాట చూసి మాత్రం డబ్బు కట్టకండి

విండోస్ 11లో టాస్క్‌బార్‌ని, అంటే స్క్రీన్ అడుగున ఉండే ఐకాన్ల పట్టీని, ఎడమ పక్కకి తిప్పుతాం, ఐకాన్లు చిన్నవి చేస్తాం, పాత స్టార్ట్ మెనూ తెచ్చి పెడతాం, ఒక్కసారి కడితే చాలు జీవితాంతం వాడుకోవచ్చు అని అమ్ముతున్న సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాను. కొన్నాళ్లు బాగానే పనిచేసింది. తర్వాత విండోస్ నెలవారీ అప్‌డేట్ ఒకటి పడగానే స్క్రీన్ మీద టాస్క్‌బార్ వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది, ఈలోపు తెరిచి ఉన్న ఫోల్డర్లన్నీ మూసుకుపోతాయి. పని మధ్యలో ఉన్నవాడికి ఎంత టెన్షన్ ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ సాఫ్ట్‌వేర్ పేరు రాయడం లేదు, రాసినా లాభం లేదు, ఎందుకంటే ఇదే సరుకు రకరకాల పేర్లతో తిరుగుతోంది. పేరుకంటే వాళ్లు అమ్మే పద్ధతి గుర్తుపట్టడం ముఖ్యం.

ముందు వాళ్లు చూపించే ఫీచర్ల సంగతి. డబ్బు కట్టించుకున్న జాబితాలో సగానికి పైగా విండోస్‌లో ఇప్పటికే ఉన్నవే. టాస్క్‌బార్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్ తెరవండి, కింద టాస్క్‌బార్ బిహేవియర్స్ అని ఉంటుంది, దాన్ని విప్పండి. ఐకాన్లను మధ్యలోంచి ఎడమ చివరికి జరపడం అక్కడే ఉంది, అది విండోస్ 11 వచ్చిన 2021 అక్టోబర్ నుంచీ ఉంది. వాడనప్పుడు టాస్క్‌బార్ దాచేయడం అక్కడే. గడియారంలో సెకన్లు చూపించడం అక్కడే. ఒక్కో విండోని విడివిడిగా పేరుతో సహా చూపించడం, అంటే పాత విండోస్‌లో మనకి అలవాటైన పద్ధతి, మొదట్లో నిజంగానే తీసేశారు. జనం చాలా గోల చేశాక 2023 చివర్లో తిరిగి ఇచ్చారు. ‘కంబైన్ టాస్క్‌బార్ బటన్స్’ దగ్గర ‘నెవర్’ అని పెడితే చాలు. కానీ ఈ అమ్మేవాళ్ల పేజీలో ఇప్పటికీ ‘మైక్రోసాఫ్ట్ తీసేసింది, మేం తెచ్చాం’ అనే రాసి ఉంటుంది. 2021 నాటి ఫిర్యాదులని ఇప్పుడు కూడా అమ్ముకుంటున్నారన్నమాట.

టాస్క్‌బార్‌కి రంగు మార్చడం కూడా వాళ్ల జాబితాలో పెద్ద అక్షరాలతో ఉంది. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో కలర్స్‌కి వెళ్తే ‘స్టార్ట్, టాస్క్‌బార్ మీద యాక్సెంట్ కలర్’ అనే స్విచ్ ఉంటుంది. అది చాలామందికి బూడిద రంగులో, నొక్కడానికి వీల్లేకుండా కనబడుతుంది, దాంతో ఇది విండోస్‌లో కుదరదేమో, బయట సాఫ్ట్‌వేర్ కావాలేమో అనుకుంటారు. విండోస్ మోడ్ ‘లైట్’లో ఉంటే ఆ స్విచ్ పనిచేయదు, అంతే కారణం. డార్క్ పెట్టండి, లేదా కస్టమ్ ఎంచుకుని విండోస్‌కి డార్క్, యాప్‌లకి లైట్ పెట్టండి, స్విచ్ తెరుచుకుంటుంది. ఈ ఒక్క ముక్క తెలియక డబ్బు కట్టేవాళ్లు తక్కువేం లేరని నా అనుమానం. ఇరుక్కుపోయిన ప్రోగ్రామ్‌ని టాస్క్‌బార్ మీదే రైట్ క్లిక్ చేసి మూసేసే ‘ఎండ్ టాస్క్’ కూడా వాళ్ల ‘ప్రో’ ఫీచర్లలో ఉంది. అది సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద, డెవలపర్ల కోసం అని పెట్టిన విభాగంలో ఉంటుంది (కొత్త వెర్షన్లలో ఆ విభాగం పేరు అడ్వాన్స్‌డ్). డెవలపర్ కానివాళ్లు అక్కడికి వెళ్లరు కాబట్టి కనబడదు.

మరి విండోస్ ఇవ్వనిది ఏమిటి? విండోస్ 95 నుంచి విండోస్ 10 దాకా టాస్క్‌బార్‌ని పట్టుకుని పైకి, పక్కలకి లాగి పెట్టుకోగలిగేవాళ్లం, అంచు పట్టుకుని రెండు వరుసలు చేసుకోగలిగేవాళ్లం. విండోస్ 11తో ఆ రెండూ పోయాయి. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ ఉన్న మానిటర్ వాడేవాళ్లకి టాస్క్‌బార్ పక్కన నిలువుగా ఉంటే ఎంత సుఖమో వాళ్లకే తెలుసు, కాబట్టి ఆ కోరిక న్యాయమైనదే, దాన్ని తప్పుపట్టను. అసలు చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

టాస్క్‌బార్ అనేది విడిగా ఒక ప్రోగ్రామ్ కాదు. ఫోల్డర్లు చూపించే ఎక్స్‌ప్లోరరే దాన్ని కూడా నడుపుతుంది. విండోస్ 11లో ఈ టాస్క్‌బార్‌ని దాదాపు కొత్తగా రాశారు, పక్కకి తిప్పే దారి అందులో పెట్టలేదు. కాబట్టి ఆ టాస్క్‌బార్‌నే తిప్పాలనుకునే సాఫ్ట్‌వేర్ నడుస్తున్న ఎక్స్‌ప్లోరర్ లోపలికి తన కోడ్‌ని దూర్చాలి. లోపలి ఫంక్షన్లు ఎక్కడున్నాయో వెతికి పట్టుకుని వాటి పని మార్చాలి. దీనికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అధికారిక దారి ఏదీ లేదు. వచ్చే అప్‌డేట్‌లో ఆ ఫంక్షన్ మారితే, పట్టుకున్న చెయ్యి జారుతుంది, ఎక్స్‌ప్లోరర్ కూలిపోతుంది, విండోస్ దాన్ని మళ్లీ లేపుతుంది, మళ్లీ కూలిపోతుంది. నాకు జరిగింది ఇదే. పక్కింటి గోడకి మేకు కొట్టి మన చొక్కా తగిలించుకున్నట్టు, వాళ్లు గోడ మార్చుకున్నప్పుడల్లా మన చొక్కా కింద పడుతుంది.

అందుకే ఇలాంటి వాటికి లైఫ్‌టైమ్ అన్న మాటకి అర్థం లేదు. మనం కొనేది ఫీచర్‌ని కాదు, ప్రతి అప్‌డేట్ తర్వాత కూర్చుని సరిచేసే మనిషి ఓపికని. ఆ మనిషి ఉన్నాడా, పని చేస్తున్నాడా అన్నది చూడకుండా కొంటే చేతికొచ్చేది ఒక లైసెన్స్ కీ మాత్రమే. పేరున్న టూల్స్‌కి కూడా ఈ బాధ తప్పలేదు. 2024లో విండోస్ 11 కొత్త వెర్షన్ 24హెచ్2 పరీక్షలో ఉన్నప్పుడు ఎక్స్‌ప్లోరర్‌ప్యాచర్, స్టార్ట్‌ఆల్‌బ్యాక్ అనే టాస్క్‌బార్ టూల్స్ పాత వెర్షన్లని విండోసే నడవనివ్వకుండా ఆపేసింది. తేడా ఏమిటంటే వాళ్లు కొత్త వెర్షన్లు రాసి వదిలారు. నేను కొన్నవాళ్లు ఏం చేశారో వినండి.

మొదట జవాబే లేదు. తర్వాత వచ్చిన మెయిల్‌లో ‘ఆ విండోస్ అప్‌డేట్ తీసేయండి, అప్‌డేట్లు ఆపేయండి’ అన్నారు. ఆ అప్‌డేట్‌లో ఉన్నవి సెక్యూరిటీ ప్యాచ్‌లు. టాస్క్‌బార్ పక్కన కనబడటం కోసం కంప్యూటర్ తలుపులు తెరిచి పెట్టుకోమని చెప్పే సలహా ఇది, డబ్బు తీసుకున్నవాళ్లు ఇచ్చే సలహానా? అది కుదరదంటే, సమస్య కొత్త వెర్షన్‌లో సరిచేశాం, అప్‌గ్రేడ్ కొనుక్కోండి అన్నారు. లైఫ్‌టైమ్ అన్నారు కదా అంటే, ఆ వెర్షన్‌కి లైఫ్‌టైమ్ అట. షరతుల పేజీలో అట్టడుగున నిజంగానే ఒక లైన్ అలా ఉంది. అమ్మకం పేజీలో మాత్రం ఆ ముక్క ఎక్కడా లేదు. రీఫండ్ అడిగితే, కీ ఒకసారి యాక్టివేట్ అయిపోయాక ఇవ్వం అన్నారు. యాక్టివేట్ చేయకుండా ఆ సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే దారే పెట్టలేదు, అది గమనించండి. కీ కూడా ఆ కంప్యూటర్‌కే కట్టేసి ఉంది, మదర్‌బోర్డ్ మారిస్తే మళ్లీ కొనాల్సిందే.

ఇంకో విషయం. ఇన్‌స్టాల్ పేజీలో ‘యాంటీవైరస్ అడ్డొస్తే కాసేపు ఆపేయండి’ అని మామూలుగా రాసేశారు. ఎక్స్‌ప్లోరర్‌లోకి కోడ్ దూర్చే ఏ టూల్ మీదైనా విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి అనుమానం రావడం సహజమే, మంచి టూల్స్‌ని కూడా అప్పుడప్పుడు పట్టుకుంటుంది, నిజమే. కానీ సోర్స్ కోడ్ బయట పెట్టిన టూల్‌ని నమ్మడం వేరు, లోపల ఏముందో ఎవరికీ తెలియని ఫైల్ కోసం మొత్తం కాపలానే తీసేయమనడం వేరు. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్ ఉందో లేదో చూడండి. ఉంటే ఎవరి పేరు మీద ఉందో చూడండి. వీళ్ల ఫైల్‌కి ఆ ట్యాబే లేదు. డబ్బు తీసుకుని అమ్మేవాళ్లకి సంతకం పెట్టుకోవడం కూడా బరువైతే ఎలా?

అన్‌ఇన్‌స్టాల్ చేశాక కూడా వదల్లేదు. ప్రోగ్రామ్‌లని వాటంతట అవే నడిచేలా పెట్టే టాస్క్ షెడ్యూలర్‌లో వాళ్ల అప్‌డేటర్ మిగిలిపోయింది, లాగిన్ అయిన ప్రతిసారీ లేచి ‘మళ్లీ రండి, తగ్గింపు ఉంది’ అని నోటిఫికేషన్ పెడుతోంది. టాస్క్‌బార్‌కి పిన్ చేసుకున్నవన్నీ పోయాయి, మళ్లీ ఒక్కొక్కటీ పెట్టుకోవాల్సి వచ్చింది. మీరు ఇలాంటిది ఏదైనా తీసేసి ఉంటే టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ, టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ రెండూ చూసుకోండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ల కోసం: టాస్క్‌బార్ కనబడకపోయినా, స్క్రీన్ నల్లగా ఉన్నా కంగారుపడకండి, మీ ఫైళ్లు ఎక్కడికీ పోవు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, దానికి టాస్క్‌బార్‌తో పని లేదు. అందులో ‘రన్ న్యూ టాస్క్’ నొక్కి, బ్రౌజ్ ద్వారా ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌కి వెళ్లి దాని అన్‌ఇన్‌స్టాలర్‌ని నడపండి. అదీ కుదరకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కండి, వచ్చిన తెర మూలన పవర్ బటన్ ఉంటుంది, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే రికవరీ మెనూ వస్తుంది. ట్రబుల్‌షూట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే సిస్టమ్ రీస్టోర్ ఉంటుంది, సేఫ్ మోడ్‌కి అక్కడే స్టార్టప్ సెట్టింగ్స్ నొక్కాలి. సిస్టమ్ రీస్టోర్ పనిచేయాలంటే ముందే రీస్టోర్ పాయింట్, అంటే విండోస్ సెట్టింగ్స్ అప్పుడెలా ఉన్నాయో దాచిన కాపీ, ఉండాలి, కాబట్టి ఏ టాస్క్‌బార్ టూల్ పెట్టినా, ఉచితమైనదైనా సరే, ముందు ఒక పాయింట్ చేసి పెట్టుకోండి.

‘రిజిస్ట్రీ ట్వీక్ ప్యాక్’ అని ఇంకో రకం అమ్మకం నడుస్తోంది (రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు), ఇది ఇంకా హాస్యాస్పదం. టాస్క్‌బార్ సైజు మార్చే ప్యాక్ అంటారు, తీరా చూస్తే అది నాలుగైదు లైన్ల టెక్స్ట్ ఫైల్. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదవొచ్చు. విండోస్ 11 మొదటి వెర్షన్‌లో ‘టాస్క్‌బార్‌ఎస్ఐ’ అనే విలువ సున్నా పెడితే టాస్క్‌బార్ చిన్నదయ్యేది, రెండు పెడితే పెద్దదయ్యేది. అప్పుడు ఎవరైనా ఉచితంగా చెప్పే చిట్కా అది. తర్వాతి వెర్షన్లలో విండోస్ ఆ విలువని పట్టించుకోవడమే మానేసింది. పనిచేయని చిట్కాకి డబ్బు తీసుకుంటున్నారు, పనిచేయలేదంటే ‘మీ విండోస్ పాడైంది’ అంటారు.

కొనడమే తప్పు అని నా ఉద్దేశం కాదు. నిలువు టాస్క్‌బార్ లేకపోతే పని సాగదు అనేవాళ్లు కొనొచ్చు. స్టార్ట్‌ఆల్‌బ్యాక్ లాంటి వాటికి ముందు వాడి చూసుకునే ట్రయల్ ఉంది, విండ్‌హాక్, ఎక్స్‌ప్లోరర్‌ప్యాచర్ లాంటివైతే ఉచితం, కోడ్ కూడా అందరికీ కనబడుతుంది. ఉచితమైనవి కూడా అప్‌డేట్ తర్వాత ఆగిపోవచ్చు, కానీ ఏం విరిగింది, ఎవరు సరిచేస్తున్నారు అన్నది అక్కడే కనబడుతుంది. ఏది ఎంచుకున్నా నేను ముందు చూసేది ఫీచర్ల జాబితా కాదు, చేంజ్‌లాగ్, అంటే ఏ వెర్షన్‌లో ఏం మార్చారో రాసే చిట్టా. చివరి వెర్షన్ ఎప్పుడు వచ్చింది, మీ విండోస్ వెర్షన్ పేరు అందులో ఉందా (స్టార్ట్‌లో విన్‌వర్ అని కొడితే మీది ఏదో తెలుస్తుంది), నెలవారీ అప్‌డేట్ విరగ్గొట్టిన ప్రతిసారీ ఎంత తొందరగా సరిచేశారు. చేంజ్‌లాగే లేని పేజీ అయితే అక్కడే ట్యాబ్ మూసేయండి. ట్రయల్ ఉంటే తొలిరోజే సంతోషపడి కొనేయకండి, మధ్యలో ఒక నెలవారీ అప్‌డేట్ పడేదాకా ఆగండి, అవి సాధారణంగా నెలలో రెండో మంగళవారం విడుదలవుతాయి. ఆ అప్‌డేట్ తర్వాత కూడా టాస్క్‌బార్ నిలబడితే అప్పుడు కార్డు తీయండి. కట్టేటప్పుడు ఆటో రెన్యువల్ టిక్ పెట్టి ఉందేమో చూసుకుని తీసేయండి, నా బిల్లులో ‘ప్రయారిటీ సపోర్ట్’ అనే ఏడాది చందా ఒకటి అలా నిశ్శబ్దంగా చేరింది. రద్దు చేయాలంటే వాళ్ల అకౌంట్ పేజీలో బటన్ లేదు, మెయిల్ చేయాలట. ఆ మెయిల్‌కి ఇంకా జవాబు రాలేదు. అందుకని బ్యాంకు యాప్‌లోనే ఆ ఆటో చెల్లింపు అనుమతి తీసేశాను. మీరు కట్టేసి ఉంటే వాళ్ల జవాబు కోసం చూడకుండా ముందు ఆ పని చేయండి.