కబ్‌లోనా, స్కౌట్‌లోనా?

మా పెద్దోడికి పన్నెండేళ్లు, స్కౌట్. చిన్నోడికి ఏడు. అన్న మెడలో స్కార్ఫ్ చూసి "నేనూ అందులోనే చేరతా" అని ఒకటే గొడవ.

ఈ గొడవ కొత్తది కాదు. 1907లో స్కౌటింగ్‌కు ఆద్యుడైన బేడెన్ పవెల్ ఇంగ్లాండులోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి స్కౌట్ క్యాంపు పెట్టింది కాస్త పెద్ద పిల్లలకే. తర్వాత తమ్ముళ్లు మేమూ వస్తామని వెంటపడ్డారు. వాళ్లను చిన్న స్కౌట్లుగా మార్చకుండా, 1916లో వాళ్ల కోసమే కబ్స్ అనే చిన్నపిల్లల విభాగం మొదలుపెట్టాడు. అది నాకు చాలా నచ్చిన ఆలోచన.

స్కౌట్ల నినాదం "సిద్ధంగా ఉండు". గరుడసేవ రోజున తిరుమలలో భక్తులకు దారి చూపించే స్కౌట్లను చూస్తే దాని అర్థం తెలుస్తుంది. ఆ జనంలో ఏడేళ్లవాడిని నిలబెట్టగలమా? కబ్‌ల నినాదం "శక్తికొద్దీ ప్రయత్నించు". జంగిల్ బుక్‌లోని తోడేళ్ల గుంపే వాళ్ల లోకం. నడిపించే పెద్దను అకేలా అంటారు. ఆటలాడుతూ, కథలు వింటూనే పిల్లాడికి తన పని తాను చేసుకోవడం వస్తుంది.

మొన్న పెద్దోడు నా చేతికి కట్టు కట్టి, కుడి కొస ఎడమ మీదుగా, ఎడమ కొస కుడి మీదుగా తిప్పి రీఫ్ ముడి వేశాడు. పక్కనే చిన్నోడు నాలుక బయటపెట్టి, బూటు లేసుతో కుస్తీ పడుతున్నాడు. నాలుగోసారికి ముడి పడింది.

వాడిని కబ్స్‌లోనే చేర్పిస్తున్నా. స్కౌట్ యూనిఫాం కోసం ఇంకో మూడేళ్లు ఆగాలి.