పదిహేడు శ్రీకారాలు: స్క్రీన్ ప్రింటింగ్‌కు కర్వ్స్ చేసిన ఫైళ్లు పంపిన ఆరేళ్ల అనుభవం

తెలుగు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మలుగా, మార్చి స్క్రీన్ ప్రింటింగ్‌కు పంపడం మొదలుపెట్టి నాకు ఆరేళ్లు దాటాయి. హైదరాబాద్ నల్లకుంటలో ఇంటి దగ్గరే కూర్చుని శుభలేఖలు, గృహప్రవేశం పత్రికలు, అప్పుడప్పుడు గుడ్డ సంచుల మీద దుకాణాల పేర్లు తయారుచేస్తాను. ముద్రణ మాత్రం ఛత్తా బజార్‌లో ఒక చిన్న షాపులో జరుగుతుంది. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేజీ ఎలా పెట్టాలో, పీడీఎఫ్ ఎలా తీయాలో ఈ పనిలో ఉన్నవారికి కొత్తగా చెప్పవలసింది లేదు కనుక ఆ సంగతులు వదిలేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నదంతా అక్షరాలను కర్వ్స్ చేసే కంట్రోల్-క్యూ అనే ఒక్క ఆజ్ఞ గురించి, దాన్ని నమ్ముకుని నేను ఎంత సుఖపడ్డానో, ఒకసారి ఎంత నష్టపోయానో దాని గురించి.

ఆ సుఖం విలువ తెలియాలంటే అంతకుముందు పడ్డ అవస్థ చెప్పాలి. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్ల వాడకం ఇప్పటికీ తగ్గలేదు. వాటిలో తెలుగు అక్షరం నిజానికి ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో ముక్కలు ముక్కలుగా కూర్చుని ఉంటుంది. అదే ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే "శుభమస్తు" ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగాపులగంగా కనిపిస్తాయి. యూనికోడ్ ఫాంటు వాడినా బాధ పూర్తిగా తీరదు. పాత సాఫ్ట్‌వేర్‌లో తెరిచినప్పుడు ఒత్తు అక్షరం కిందికి వెళ్లకుండా పొల్లు తగిలించుకుని పక్కన నిలబడిపోతుంది. కర్వ్స్ చేశాక ఈ తంటా ఉండదు. అక్షరం బొమ్మగా మారిపోతుంది కనుక, అవతలి కంప్యూటర్‌లో ఏ ఫాంటు ఉందన్న ప్రశ్నే రాదు. మా షాపులో ఉర్దూ శుభలేఖలు చేయించుకునే ఒకాయన కూడా ఇన్‌పేజ్ అనే ఉర్దూ సాఫ్ట్‌వేర్‌లో నస్తలీఖ్ లిపి కూర్చి, కర్వ్స్ చేసుకునే తెస్తారు. మొదటి రెండు మూడేళ్లు అడిగిన ప్రతివారికీ "కర్వ్స్ చేసి పంపండి, ఇక చూసుకోనక్కర్లేదు" అని చెప్పాను. ఆ మాటలో మొదటి సగం మీద నాకు ఇప్పటికీ అనుమానం లేదు.

రెండో సగం మీద అనుమానం మూడేళ్ల కిందటి మాఘమాసంలో మొదలైంది. దూరపు బంధువుల ఇంట్లో పెళ్లి. ముదురు మెరూన్ కార్డు మీద బంగారు రంగు, 600 కార్డులు. పేర్లు, ఇంటిపేర్లు, ముహూర్తం ఇరువైపుల పెద్దల చేత చదివించి, వాళ్లు సరేనన్న తర్వాతే కర్వ్స్ చేశాను. చేశాక చూస్తే కొన్ని ఒత్తులు అక్షరానికి మరీ దూరంగా ఉన్నట్టు అనిపించి, బ్రేక్ అపార్ట్ చేసి, అంటే ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్కటే దగ్గరికి జరిపాను. బ్రేక్ అపార్ట్ చేయగానే "వ", "మ", "ర" వంటి అక్షరాల కడుపులు రంగుతో నిండిపోతాయి. అన్నింటినీ ఎంచుకుని కంబైన్ చేస్తే, అంటే ఒకే ఆకారంగా కలిపితే, మళ్లీ ఖాళీ అవుతాయి. అవి ఖాళీ కావడం చూసి పని సవ్యంగా ముగిసిందనుకున్నాను. అప్పటికి పత్రిక మొత్తం తెరమీద అరచేయంత కనిపిస్తోంది, అదీ తెల్లని పేజీ మీద లేత పసుపు రంగులో. దాన్ని పెద్దది చేసి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు.

కార్డులు తీసుకోవడానికి వెళ్లిన సాయంత్రం షాపు యజమాని ఒక కార్డును ట్యూబులైటు కింద వాలుగా పట్టుకుని, "మేడమ్, శ్రీ కోసుకుపోయింది, చూడండి" అన్నారు. ముందు నాకు ఏమీ కనిపించలేదు. కాసేపటికి "శ్రీ" కింద క్రావడి (ర ఒత్తు) శ అక్షరాన్ని తాకే చోట వెంట్రుకంత మెరూన్ గీత కనిపించింది. ఒకసారి కనిపించాక ఇంక ప్రతిచోటా అదే కనిపించడం మొదలుపెట్టింది. "లక్ష్మీ"లో మకారపు ఒత్తు దగ్గర, "శ్రీరస్తు"లో తకారపు ఒత్తు దగ్గర, అన్నిటికంటే ఎక్కువగా పేర్ల ముందు వరసగా వచ్చే "శ్రీ"ల దగ్గర. శుభలేఖలో శ్రీకారం ఎన్నిసార్లు వస్తుందో ఆ రోజు మొదటిసారి లెక్కపెట్టాను: 17.

తప్పు ముద్రణలో జరిగిందేమోనని ఒక ఆశ ఉండేది. ఆయన నాతో వాదించకుండా ట్రేసింగ్ పేపర్ మీద తీసిన పాజిటివ్‌ను (స్క్రీన్ తయారీకి వాడే నల్లని ప్రతిని) లైటు బల్ల మీద పరిచారు. ఆ గీతలన్నీ అందులోనే వెలుగుతున్నాయి. స్క్రీన్ మీద అడ్డుపెట్టి సరిచేయలేరా అని అడిగితే ఆయన చెప్పిన జవాబు ఈ పనిలో నేను నేర్చుకున్న ముఖ్యమైన పాఠాల్లో ఒకటి. పాజిటివ్‌లో నలుపు ఉన్నచోట వెలుతురు సోకదు కనుక స్క్రీన్ మీది కోటింగ్ మెత్తగానే ఉండి, నీటితో కడిగితే పోతుంది, అక్కడినుంచే ఇంకు దిగుతుంది. నలుపు లేని చోట వెలుతురు పడి కోటింగ్ గట్టిపడుతుంది. అనవసరంగా తెరుచుకున్న సూదిమొన రంధ్రాన్ని పైనుంచి పూసి మూసేయవచ్చు గానీ, అనవసరంగా గట్టిపడిన వెంట్రుకంత గీతను గీకి తెరవడం సాధ్యం కాదు, ప్రయత్నిస్తే మెష్ (స్క్రీన్ వల) చిరుగుతుంది. పెళ్లికూతురి తండ్రి "ఎవరు చూస్తారులే అమ్మా, పంచేద్దాం" అన్నారు. పెళ్లికూతురి తల్లి మాత్రం శ్రీకారం తెగిన కార్డుకు పసుపు రాసి దేవుడి ముందు పెట్టనని ఖచ్చితంగా చెప్పేశారు. కార్డు 22 రూపాయల చొప్పున 13,200 నేనే పెట్టుకుని మళ్లీ వేయించాను.

కారణం ఇంటికి వచ్చాక ఫైలును ఎనిమిది రెట్లు పెంచి చూసినప్పుడు అర్థమైంది. ఒకదానిమీద ఒకటి ఎక్కిన రెండు ఆకారాలను కంబైన్ చేస్తే, రెండూ పరచుకున్న భాగాన్ని సాఫ్ట్‌వేర్ ఖాళీగా లెక్కగడుతుంది. "వ" కడుపు ఖాళీ కావడానికీ, క్రావడి శ అక్షరాన్ని తాకిన చోట చీలిక పడటానికీ సూత్రం ఒక్కటే. మొదటిది నాకు కావాలి, రెండోది వద్దు, అంతే తేడా. ఇంగ్లీషులో అక్షరాలు సాధారణంగా పక్కపక్కన కూర్చుంటాయి కనుక ఈ బెడద అంతగా కనిపించదు. తెలుగులో ఒత్తు అక్షరం మీదికి ఎక్కడం మామూలే; కొన్నిచోట్ల ఫాంటు తయారుచేసినవారే కొద్దిగా ఎక్కిస్తారు, ఆ పత్రికలో మిగిలిన చోట్ల నేను ఎక్కించాను. చేయవలసింది వెల్డ్. వెల్డ్ చేస్తే రెండు ఆకారాలూ కరిగి ఒకటై, బయటి అంచు మాత్రమే మిగులుతుంది. ఇప్పుడు నా పద్ధతి ఏమిటంటే, ముందు అక్షరాన్ని దాని కడుపుతో మాత్రమే కంబైన్ చేస్తాను, ఆ తర్వాత ఒత్తును దానికి వెల్డ్ చేస్తాను, చివరికి రంగులు లేకుండా అంచు గీతలే చూపే వైర్‌ఫ్రేమ్‌లోకి వెళ్లి పంక్తి పంక్తీ చూస్తాను. అక్షరం లోపల గీతలు ఒకదాన్నొకటి దాటుతూ కనిపిస్తే అక్కడ వెల్డ్ జరగనట్టే. నాలుగు పేజీల శుభలేఖకు దీనికి అరగంట పైనే పడుతుంది. పెళ్లిళ్ల రోజుల్లో ఆ అరగంట దొరకడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవారికి తెలుసు.

కర్వ్స్ గురించి ముందు చెప్పిన మంచి మాటకు ఇంకో చిన్న సవరణ కూడా అవసరం. బొమ్మగా మారిన అక్షరాన్ని దిద్దలేము. రాత్రి 8.42 అన్న ముహూర్తాన్ని పురోహితుడు 8.24 అని మార్చినప్పుడు, అసలు ఫైలు విడిగా దాచుకోకపోవడం వల్ల ఒకసారి అంకెలను కత్తిరించి అటూ ఇటూ మార్చి పెట్టాను. అంకెలు అవే కావడం నా అదృష్టం.

ఫైలు అప్పగించడంలో మిగతావి త్వరగా చెబుతాను. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మను కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. కార్డు మీద పడే రంగు ఏదైనా ఫైలులో ప్రతి రంగూ విడి పేజీలో, పూర్తి నలుపులో ఉండాలి. బంగారు రంగులోనే పంపితే లేజర్ ప్రింటర్ దాన్ని బూడిదరంగు చుక్కలుగా మారుస్తుంది, ఆ చుక్కల మధ్య నుంచి వెలుతురు దూరుతుంది. రెండు రంగుల పని అయితే ట్రేసింగ్ పేపర్ ప్రింటర్ వేడికి కొద్దిగా ముడుచుకుని రెండో రంగు పక్కకు తప్పుతుంది. ఖాళీ కాగితాలను ముందే ఒకసారి ప్రింటర్‌లోంచి పంపి, ఆ తర్వాత వాటిమీద ముద్రించే అలవాటు మా షాపులో ఉంది, అది బాగా పనిచేస్తోంది. బంగారు ఇంకులో లోహపు రేణువులు పెద్దవి కనుక దానికి ముతక మెష్ వాడతారు, అందువల్ల సన్నని ఒత్తులు పూడుకుపోతాయి. 14 పాయింట్ల కంటే చిన్న తెలుగు అక్షరాన్ని బంగారు రంగులో వేయనని ఇప్పుడు ముందే చెప్పేస్తున్నాను.

ఇన్ని చెప్పినా నేను కర్వ్స్ చేయని ఫైలు పంపను. అయితే నా పరిస్థితి వేరు: నెలకు నాలుగైదు పనులు, దాదాపు అన్నీ ఒకటి రెండు రంగులవి, షాపు ఆటోలో వెళ్లి రాగలిగినంత దూరంలో ఉంటుంది. స్క్రీన్ మీద కోటింగ్ వేయకముందే నేను వెళ్లి పాజిటివ్‌ను లైటు బల్ల మీద చూసుకోగలను, ఆయన కూడా నన్ను చూడనిస్తారు. వేరే ఊరి నుంచి ఫైలు పంపి కార్డులు పార్శిల్‌లో తెప్పించుకునేవారికి ఆ వెసులుబాటు ఉండదు కనుక, వారు కనీసం పాజిటివ్‌ను లైటు మీద పెట్టి దగ్గరగా తీసిన ఫోటో అడిగి తెప్పించుకోవడం మంచిది, అది కూడా డాక్యుమెంట్‌గానే.