గడ్డకట్టే చలికి ముందు పైపుకు హీటింగ్ కేబుల్: కొనదగ్గదే

మంచు తుపాను హెచ్చరిక రాగానే చాలామంది నీటి పైపులకు ఫోమ్ తొడుగు వేసి ఊరుకుంటారు. తొడుగు వేడిని నిలుపుతుందే తప్ప పుట్టించదు. కదలని నీరు చివరికి గడ్డకడుతుంది, దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ గడ్డకీ మూసిన కుళాయికీ మధ్య చిక్కిన నీటి ఒత్తిడికే పైపు పగిలేది. కరెంటుతో వేడెక్కి పైపును వెచ్చగా ఉంచే హీటింగ్ కేబుల్ విలువ ఇక్కడే తెలుస్తుంది.

వేడిని తానే సర్దుకునే రకం తీసుకోండి, ధర ఎక్కువైనా సరే. ఒకే స్థాయిలో కాలే చౌక రకం ఒకదాని మీద ఒకటి పడితే అక్కడే మాడిపోతుంది. కేబుల్‌ను పైపు అడుగువైపు తిన్నగా పరిచి, సుమారు 30 సెంటీమీటర్లకొకసారి తయారీదారు చెప్పిన టేపుతో అంటించాలి. థర్మోస్టాట్ (చలిని బట్టి కేబుల్‌ను ఆన్, ఆఫ్ చేసే పరికరం) ఉంటే అది పైపును తాకుతూ, అన్నిటికన్నా చల్లటి చోట ఉండాలి. ఇంటి వెచ్చదనం తగిలితే ఆన్ అవదు. ఆ పైనే ఫోమ్. ప్లగ్గుతో వచ్చే కేబుల్‌ని కత్తిరించకండి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించకండి.

పెద్ద లోపం ఒకటుంది: కరెంటు లేకపోతే పనిచేయదు, తుపానులో ముందు పోయేది అదే. అప్పుడు మెయిన్ వాల్వ్ కట్టేసి, పై కుళాయి, అట్టడుగు కుళాయి రెండూ తెరిచి పైపులు ఖాళీ చేయాలి.